అజాన్ వినపడగానే ఆగే ఆట

రంజాన్ పండుగ అయిన వారానికి కోరుట్ల నుంచి ఆపా ఫోన్ చేసింది. "నీ భాంజా దినమంతా లాప్‌టాప్ ముందే ఉంటుండు రా. కత్తులు, అజ్‌దహాలు, బుత్‌లు... ఏం ఆటో ఏమో! వాళ్ళ అబ్బాకు చెప్తే అక్కడ రియాద్‌ల కూసోని ఫికర్ పడ్తడు. నువ్వే ఓసారి వచ్చి చూడు" అని.

ఆదివారం జగిత్యాలలో బస్సెక్కాను. డాంటుదామనే నియ్యత్‌తోనే పోయాను, అబద్ధమెందుకు. జొహర్ తర్వాత వాడి పక్కన కూర్చున్నవాణ్ణి మగ్రిబ్‌కు గానీ లేవలేదు. తర్వాత నేనూ కొనుక్కుని రెండు నెలలు ఆడాను. అందుకే ఈ నాలుగు మాటలు రాసే హక్ నాకుందనుకుంటున్నా.

ఆట పేరు స్కైరిమ్. అమెరికాలోని బెథెస్డా వాళ్ళు 2011 నవంబర్ 11న విడుదల చేశారు. 'ఎల్డర్ స్క్రోల్స్' సిల్సిలాలో ఐదోది. మంచు కొండల ముల్క్ ఒకటి మన ముందు పరిచి, ఎటు పోతావో పో అంటారు. అసలు కథ ముప్పై గంటలకు అటూ ఇటూ అయిపోతుంది, ఊరూరా తిరిగితే వంద దాటుతుంది. ఇంత పాత ఆట ఇప్పుడెందుకు అంటే, పాతది కావడమే దాని ఖూబీ. మొదట వచ్చిన వెర్షన్‌కు 2 జీబీ ర్యామ్, 6 జీబీ జాగా చాలు. దూల్హేభాయ్ సౌదీలో వాడి వాడి ఇంటికి తెచ్చిన ముసలి లాప్‌టాప్‌లో కూడా నడుస్తోంది. ఒక్కడే ఆడుకునేది, అవతల అజ్‌నబీ ఎవడూ ఉండడు. అజాన్ అయితే ఒక్క బటన్ నొక్కి లేచిపోవచ్చు, తిరిగొచ్చేదాకా అజ్‌దహా గాలిలో అట్లే ఆగి ఉంటుంది. ఫోన్ల మీద నలుగురు జట్టుగా ఆడే ఆటల్లో ఈ సహూలత్ ఉందా? మధ్యలో లేస్తే దోస్తులు తిడతారని నమాజ్ ఖజా చేసే పిల్లలను జగిత్యాలలో మా గల్లీలోనే చూస్తున్నాను.

సిరిసిల్లలో మా చాచా కొడుకు సంగతి ఇంకో తీరు. వాడిది ముఫ్త్ ఆట. ముఫ్తే కదా అని ఇంట్లో ఖామోష్‌గా ఉన్నారు. బట్టలకని ఒకసారి, తుపాకీ రంగుకని ఒకసారి చాచా ఫోన్‌లోంచి పైసలు పోతూనే ఉన్నాయి. సాంచాల మీద రాత్రి పాళీ చేసి తెచ్చిన పగార్ అది. ఒక్కసారి కొంటే మళ్ళీ చేయి చాపని ఆటకూ, రోజూ జేబు తడిమే ఆటకూ జమీన్ ఆస్మాన్ ఫరక్ ఉంది. పెద్దలు రెండింటినీ 'గేమ్‌లు' అని ఒకే గాటన కట్టేస్తున్నారు.

నన్ను కూర్చోబెట్టింది మాత్రం ఇదేదీ కాదు. ఆ ముల్క్‌లో జంగ్ నడుస్తుంటుంది. నార్డ్‌లు అనే ఖౌమ్ వాళ్ళు టాలోస్ అనే ఒకప్పటి బాద్‌షాను ఖుదాగా కొలుస్తారు. ఆ ఇబాదత్ మీద సల్తనత్ బందిష్ పెట్టింది, చేసినవాళ్ళను పట్టుకుపోతున్నారు. మన అకీదా ప్రకారం అది షిర్కే, అది వేరే మాట. కానీ ఇబాదత్ చేసినందుకు మనిషిని ఎత్తుకుపోవడం జుల్మ్ కాదా? భాంజా కూడా అట్లే అనుకుని బాగీల సర్దార్ ఉల్ఫ్రిక్ వైపు మొగ్గాడు. చేరిపోదామని వాడి షహర్ విండ్‌హెల్మ్‌కు పోయాడు. దర్వాజా దాటగానే ఇద్దరు నార్డ్‌లు ఒక డార్క్ ఎల్ఫ్ ఆడమనిషిని 'మీరంతా జాసూస్‌లు' అని బెదిరిస్తున్నారు. ఆమె ఖౌమ్ వాళ్ళది సొంత వతన్‌లో అగ్నిపర్వతం పేలి పనాహ్ కోరి వచ్చిన బతుకు. ఒక మురికి మొహల్లాలో పడి ఉంటారు. ఇక బల్లుల లాంటి ఆర్గోనియన్‌లకు షహర్ లోపల జాగానే లేదు, రేవు దగ్గరే ఉండాలి.

"మజ్లూమ్ అనుకున్నోడే జాలిమ్ అయిండు మామూ, ఇప్పుడు ఎవని దిక్కు ఉండాలె?" అని అడిగాడు వాడు. ఆట జవాబ్ చెప్పదు. నేనూ చెప్పలేదు.

ఖాజీత్‌లని పిల్లుల రూపంలో ఉండే సౌదాగర్‌ల కాఫిలాలు ఉంటాయి. దొంగలని బద్‌నామ్ చేసి ఏ షహర్ లోపలికీ రానివ్వరు, గోడ బయటే డేరాలు. అది చూస్తే నౌకరీ కొత్తలో వేరే పట్నంలో కిరాయి ఇల్లు వెతికిన రోజులు గుర్తొచ్చాయి. ఫోన్లో సరేనన్న ఓనర్, పేరు చెప్పగానే "మా చుట్టాలు దిగుతున్నరు" అన్నాడు. తమాషా ఏంటంటే మనమే ఖాజీత్‌గా ఆడితే దర్వాజాలు తెరుస్తారు. వైట్‌రన్‌లో అజ్‌దహాను చంపి పేరు తెచ్చుకుంటే 5000 బంగారు నాణేలకు ఇల్లూ అమ్ముతారు. బిరాదరీ మాత్రం అదే గోడ బయట!

ఇక ఏతరాజ్‌లు. ఇది చిన్న పిల్లల ఆట కాదు. అమెరికాలో 17 ఏళ్ళు దాటినవాళ్ళకని, యూరప్‌లో 18 అని ముద్ర వేశారు. మెడలు తెగుతాయి, షరాబ్ తాగుతారు. డేడ్రా అనే షైతాన్ లాంటివి పనులు చెప్తాయి, అందులో ఒకటి తోడు వచ్చినవాణ్ణే బలి ఇమ్మంటుంది. అసలు కథకు దాని జరూరత్ లేదు. భాంజా దాని జోలికి పోలేదు, నేనూ పోలేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికైతే ఈ ఆట ఇవ్వొద్దనే అంటాను. వీడు ఇంటర్ అయిపోయినవాడు కాబట్టి సరే అన్నాను.

ఒక్క విషయంలో మాత్రం డాంటాను. వాడి కాపీ ఎవడో దోస్త్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది. "అందరూ ఇట్లే ఆడ్తరు మామూ" అన్నాడు. రియంటెన్, ఆటలో నువ్వు దొంగల జట్టులో చేరలేదు గదా, మరి బయట ఎందుకు చేరినవ్ అన్నాను. సేల్‌లో అసలుది సస్తాగా వచ్చేదాకా ఆగమన్నాను, కొని ఇస్తానన్నాను.

ఆపాకు రోజుకు గంటన్నర అని చెప్పి వచ్చాను. మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఇషా తర్వాత తనూ కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంటోందట. "ఆ కాఫిలా పిల్లులను లోపలికి ఎప్పుడు రానిస్తరు రా?" అని అడిగింది.

రానివ్వరు ఆపా. చివరిదాకా ఆడి చూశాను.