కౌంటరుకు అవతల గౌరవం, ఇవతల అభ్యంతరం

రంజాన్ నెల వచ్చిందంటే చాలు, హైదరాబాదు అబిడ్స్ నుంచి విజయవాడ బీసెంట్ రోడ్డు దాకా బట్టల షోరూములు నెలవంక బొమ్మలతో, పచ్చని దీపాలతో ముస్తాబవుతాయి. ఈద్ ప్రత్యేక రాయితీ అంటూ గుమ్మంలోనే బోర్డు కడతారు. బురఖా ధరించి వచ్చిన తల్లికి కుర్చీ వేసి, చల్లని నీళ్లిచ్చి, పది రకాలు పరచి చూపిస్తారు. ఆ తల్లి కూతురే తలపై స్కార్ఫుతో అటువంటి షోరూములో ఉద్యోగం అడిగితే, 'మా డ్రెస్ కోడ్ ఒప్పుకోదమ్మా' అంటారు. మన డబ్బుకు లేని అభ్యంతరం మన బట్టకు ఎందుకు వచ్చింది?

మా బస్తీలో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయికి నిరుడు ఒక పెద్ద షోరూములో సేల్స్ ఉద్యోగం ఖాయమయింది. ఇంటర్వ్యూకు స్కార్ఫుతోనే వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడుతుందని మెచ్చుకున్నారు కూడా. చేరిన మూడవ రోజున ఫ్లోర్ మేనేజర్ ఆమెను పక్కకు పిలిచాడు. యూనిఫాం చీర, పొట్టి చేతుల జాకెట్టు, ఎత్తు మడమల చెప్పులు తప్పనిసరి అనీ, తలపై బట్ట తీసివేయాలనీ చెప్పాడు. యూనిఫాం రంగులోనే స్కార్ఫు కట్టుకుంటానని, పొడుగు చేతుల జాకెట్టు తన ఖర్చుతోనే కుట్టించుకుంటానని ఆమె ప్రాధేయపడింది. 'పైవాళ్లు ఒప్పుకోరు' అన్నాడు. ఆ పైవాళ్లెవరో ఆమెకు చివరిదాకా తెలియలేదు. ఆ జీతంతో కట్టవలసిన తమ్ముడి కాలేజీ ఫీజు మాత్రం ఆగిపోయింది.

యూనిఫాం ఉండరాదని మనం వాదించడం లేదు. కొనుగోలుదారు సిబ్బందిని గుర్తుపట్టాలి. మనిషి శుభ్రంగా, పొందికగా కనిపించాలి. యూనిఫాం వల్ల ఒనగూడే ప్రయోజనం ఇదే. రంగు కుదిరిన స్కార్ఫు ఈ ప్రయోజనాల్లో దేనికి భంగం కలిగిస్తుంది? చక్కగా కత్తిరించుకున్న గడ్డం వల్ల ఏ చొక్కా అమ్ముడుపోకుండా ఆగిపోయింది? స్కాట్లండ్ పోలీసు శాఖ 2016లో హిజాబ్‌ను తన యూనిఫాంలో భాగంగా ఆమోదించింది. శాంతిభద్రతలకు అడ్డురాని బట్ట చీరల అమ్మకానికి అడ్డొస్తుందా? మన దేశంలోనే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం తలపాగా ధరించే సిక్కులకు హెల్మెట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. ప్రాణరక్షణకు సంబంధించిన నిబంధనలోనే విశ్వాసానికి చోటు దొరికినప్పుడు, అలంకారానికి సంబంధించిన నిబంధనలో దొరకకపోవడానికి కారణమేమిటి?

ఇది ముస్లిం అమ్మాయిల సమస్య మాత్రమేనని కూడా ఎవరూ అనుకోరాదు. గాలి ఆడని పాలిస్టర్ బట్ట, బిగుతైన జాకెట్టు, ఎత్తు మడమల చెప్పులు, కూర్చోవడానికి స్టూలు సైతం లేని పొద్దంతా నిలువుకాళ్ల కొలువు - వీటి బాధ లక్ష్మికీ ఒకటే, మేరీకీ ఒకటే, ఫాతిమాకూ ఒకటే. కేరళలో బట్టల దుకాణాల మహిళలు ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా 2018లో షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చారు. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ హక్కు ప్రతి షాపు గోడమీదా కనిపించాలి. ఒంటికి హాయినిచ్చే బట్ట, మనసుకు నెమ్మదినిచ్చే బట్ట అన్నవి రెండు వేర్వేరు కోరికలు కావు. రెండింటికీ మూలం పనిచేసే మనిషి గౌరవమే.

ఇక చట్టం సంగతి చూద్దాం. మతం, కులం, లింగం వంటి కారణాలతో ఏ పౌరునికీ దుకాణాల్లోకి ప్రవేశం నిరాకరించరాదని రాజ్యాంగంలోని 15(2)వ అధికరణ చెబుతోంది. ప్రభుత్వోద్యోగాల్లో మతవివక్షను 16వ అధికరణ నిషేధిస్తోంది. కాని ప్రైవేటు దుకాణంలో ఉద్యోగమిచ్చేటప్పుడు మతం కారణంగా వివక్ష చూపరాదని నిర్దేశించే సమగ్ర చట్టమేదీ మనకు లేదు. కొనడానికి గుమ్మం దాటే హక్కు ఉంది. అమ్మడానికి కౌంటరు వెనుక నిలబడే హక్కుకు రక్షణ లేదు!

అమెరికాలోని టల్సా నగరంలో 2008లో సమంతా ఎలాఫ్ అనే పదిహేడేళ్ల అమ్మాయి అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ బట్టల దుకాణంలో ఉద్యోగానికి వెళ్లింది. ఇంటర్వ్యూలో అర్హత సాధించినా, తలపై స్కార్ఫు కంపెనీ 'లుక్ పాలసీ'కి విరుద్ధమని ఆమెను తీసుకోలేదు. ఆమె పక్షాన సమాన ఉద్యోగావకాశాల కమిషన్ దావా వేసింది. మతాచారం కోసం మినహాయింపు కావాలని ఆమె మమ్మల్ని అడగనేలేదన్న కంపెనీ వాదనను 2015లో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తోసిపుచ్చింది. ఆ పిల్ల ధైర్యానికి వెన్నుదన్నుగా 1964 నాటి పౌరహక్కుల చట్టమూ, ఒక కమిషనూ నిలిచాయి. మన పిల్లకు ఏమున్నాయి? సమాన అవకాశాల కమిషన్ ఏర్పాటు చేయాలని 2006లోనే సచార్ కమిటీ సిఫారసు చేసింది. అది నేటికీ కాగితం దాటలేదు.

కర్ణాటక హిజాబ్ వివాదాన్ని చూపి, 'కోర్టులే వద్దన్నాయి కదా' అని నోరు మూయించే యజమానులున్నారు. 2022 నాటి ఆ వివాదం విద్యాసంస్థల యూనిఫాంకు సంబంధించినది. దుకాణాలకు సంబంధించినది కాదు. పైగా, అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం భిన్న తీర్పులిచ్చి విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. తేలని వివాదాన్ని తేలిన తీర్పుగా చూపడం నిజాయితీ కాదు.

వేలెత్తి చూపేముందు మన ఇంటినీ చూసుకోవాలి. కౌంటరు ఉద్యోగం పరువు తక్కువని ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టే పెద్దలు మనలో లేరా? విశ్వాసుల మాత హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం చేసిన మహిళ అన్న సంగతిని వారు మరిచారు. హలాల్ సంపాదనలో పరువు తక్కువేమీ లేదు. స్కార్ఫుకు అభ్యంతరం చెప్పకపోయినా, కూర్చోవడానికి స్టూలు, నమాజుకు పది నిమిషాల విరామం ఇవ్వని ముస్లిం యజమానులూ ఉన్నారు. వారికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. స్కార్ఫు ధరించని అమ్మాయిని తక్కువ చేసి మాట్లాడే హక్కు కూడా ఎవరికీ లేదు. బలవంతంగా తీయించడం ఎంత తప్పో, బలవంతంగా కట్టించడమూ అంతే తప్పు. నిర్ణయం ఆమెది.

చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగంలో చేరేముందే డ్రెస్ కోడ్‌ను లిఖితపూర్వకంగా అడగండి. యూనిఫాం రంగు స్కార్ఫు, పొడుగు చేతులు, నూలు బట్ట, చదునైన చెప్పులు కావాలని మీరూ లిఖితపూర్వకంగానే కోరండి. తిరస్కరిస్తే కారణం రాసిమ్మనండి. ఆ కాగితాన్ని రాష్ట్ర మైనారిటీస్ కమిషన్‌కు, కార్మిక శాఖకు చేర్చండి. 'పైవాళ్లు' నోటిమాట చాటున దాక్కోగలరు. సంతకం చాటున దాక్కోలేరు. మహిళా సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి రావాలి. మస్జిద్ కమిటీలు ఈ పిల్లలకు తోడుగా నిలవాలి.

వచ్చే రంజాన్‌లో షాపింగుకు వెళ్లినప్పుడు, బిల్లు కట్టేముందు మేనేజర్ను ఒక్క మాట అడగండి: 'మా అమ్మాయి ఈ స్కార్ఫుతో మీ దగ్గర పనిచేయవచ్చా?' జవాబు విన్న తరువాతే పర్సు తీయండి.