బండి పాతదయితే మాత్రం!

పాత బండికి ఒక స్క్రూ ఊడిరాకపోతే తప్పంతా బండిదే అంటారు. ఎంత అన్యాయమో చూడండి! ఏళ్ళ తరబడి ఎండకి ఎండి, వానకి తడిసి, బిగించినచోట బిగించినట్టే నిలబడిన ఆ పిసరంత మరని మెచ్చుకోకపోతే మానె, తిట్టడం దేనికి? తప్పు దానిది కాదు. దాని తలకి సరిపడని స్క్రూడ్రైవరు పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా మణికట్టులోకి తెచ్చుకుని గిర్రున తిప్పిన మహానుభావుడిది. ఆయనగారు తిప్పేసరికి స్క్రూ తలమీది ప్లస్సు గుర్తు కాస్తా అరిగి, నున్నటి గుంట మిగులుతుంది. అప్పుడాయన చేతులు దులుపుకుని తీర్పు చెబుతాడు: "పాత బండి కదమ్మగారూ, దీనికింక పెట్టుబడి దండగండి. ఇచ్చేసి కొత్తది తీసుకోండి, ఆయ్!"

ఆ మాటమీదే నాకు కోపం.

కొల్లేటికోట, కైకలూరు, ఆకివీడు, ఇటు ఏలూరు, తాడేపల్లిగూడెం — ఏ రోడ్డుపక్కన నిలబడి చూసినా మోపెడ్లదే రాజ్యం. వెనక చేపల ట్రేలు, ముందు మేతబస్తా, ఐసు కరిగి చుక్కచుక్కగా ఇంజను మీదికి కారుతూ ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసేది మంచినీళ్ళే గాని, కిందనున్న ఉప్పుటేరుకి పేరులోనే ఉప్పుందాయె! సముద్రం పోటుమీదున్నప్పుడు ఆ ఉప్పు ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచెత్తిన నీళ్ళు చివరికి చేరుకున్నదీ మన కొల్లేటికే. ఇంత తడిలో ఇనుము తుప్పు పట్టక ఏం చేస్తుంది? పైగా ఇంజను పెట్టె అల్యూమినియం, అందులో బిగించిన మర ఉక్కు. ఈ రెండూ తడిలో, అందులోనూ ఉప్పుతడిలో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియం తినేసినట్టయి తెల్లటి పొడి కడుతుంది. ఆ పొడైనా తుప్పయినా అసలు లోహంకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నాలుగురోజులుండి పోతానని వచ్చి నడింట్లో మంచం వేసుకున్న చుట్టంలాగ, మర చుట్లలో కూరుకుని కూచుంటుంది. దాన్ని లేవదీయాలంటే కాస్త నేర్పు కావాలి గాని, కేకలేస్తే లేస్తుందా?

ఇంకో సంగతి మన షెడ్లలో చాలామందికి పట్టదు. ఆ ప్లస్సు గుర్తు స్క్రూలన్నీ ఒక్కటి కావు. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు తీసుకుని, కాడిలాక్ కార్ల తయారీలో చొప్పించిన రకం ఒకటి. జపాన్ వాళ్ళ కొలతల ప్రకారం చేసిన రకం మరొకటి. చూడటానికి కవలపిల్లలే! గాడి లోతులోనూ, మూలల వంపులోనూ మాత్రం తేడా. 1984, 85 సంవత్సరాల్లో ఇండ్-సుజుకి, హీరో హోండా, యమహా ఆర్‌ఎక్స్ 100 మన రోడ్లమీదికి వచ్చాయి చూడండి, అవన్నీ జపాన్ నమూనాలే. జపాన్ స్క్రూలో మామూలు ఫిలిప్స్ డ్రైవరు పెడితే అడుగంటా దిగదు. తిప్పగానే పైకి లేచి జారుతుంది, జారుతూ గాడిని కోసుకుపోతుంది. జపాన్ రకం స్క్రూల్లో చాలావాటికి తలమీద చిన్న చుక్క ఉంటుంది, బొట్టు పెట్టుకున్నట్టు. ఆ బొట్టు కనబడితే దానికి తగ్గ బిట్టు పెట్టాలి. అంతే! ఈ మాత్రం చూడటానికి బలమెందుకు, కళ్ళుంటే చాలదూ?

మా ఇంట్లో ముప్పై ఏళ్ళనాటి బండి ఒకటుంది. ఇంజను పక్కమూత విప్పాలని ఒక షెడ్డుకిస్తే, రెండు స్క్రూల తలలు నున్నగా చేసి, మూడోదాన్ని విప్పబోయి మూతకే బీట తెప్పించి, ఆ మూత ఖరీదు కూడా బిల్లులో వేసి పంపారు. అదేమయ్యా అంటే, "మీకు తెలీదండీ, ఇవి మగాళ్ళ పనులండీ" అన్నాడు.

మగాళ్ళ పనులట! ఆవకాయ సీసా మూత పట్టేస్తే మనం సీసా బద్దలుకొడుతున్నామా? మూతమీద వేణ్ణీళ్ళు పోసి, గుడ్డ పట్టి, నెమ్మదిగా తిప్పుతాం. వేడికి రేకు మూత సాగుతుందని మనకి పుస్తకం చదివితే తెలిసిందా? ఇంజను దగ్గర పనిచేసేదీ ఆ కిటుకే. వేడి తగిలితే ఉక్కుకంటే అల్యూమినియం దాదాపు రెండింతలు సాగి మర పట్టు సడలుతుంది. (పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు దగ్గర మాత్రం మంట పెట్టనివ్వకండి తల్లీ!) కుక్కరు పిడి స్క్రూ బిగించేది ఎవరు? కుట్టుమిషను సూదిమర రోజుకి నాలుగుసార్లు విప్పేది ఎవరు? ఆ సూదిమర తల నలగకుండా పాతికేళ్ళు వాడే ఆడవాళ్ళు మన వీధివీధినా ఉన్నారు.

పట్టేసిన మరని విప్పడం ఓ పూట పని అనుకోకుండా రెండు పూటల పని అనుకుంటే సగం గొడవ తీరుతుంది. గాడిలో మట్టి పిన్నీసుతో గీకి, తుప్పు వదిలించే నూనె వేసి, రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున్నే డ్రైవరు నిటారుగా పెట్టి వెనకనుంచి సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేస్తే లోపలి తుప్పు చిట్లుతుంది. విప్పేముందు పిసరంత బిగించే వైపు కదిపి చూడటం పాతకాలం మేస్త్రీల అలవాటు. ఇంపాక్టు డ్రైవరు అని ఒకటుంది, సుత్తితో కొడితే ఆ దెబ్బనే తిప్పుడుగా మార్చి ఇస్తుంది. అప్పటికే తల నలిగిపోయి ఉంటే హాక్సా బ్లేడుతో అడ్డంగా గాడి కోయవచ్చు, చిన్న ఉలి అంచుకి ఏటవాలుగా ఆనించి విప్పేవైపు తట్టవచ్చు. ఏదీ కుదరకపోతే తల వరకూ డ్రిల్లు వేసి మూత తీసేస్తే, బిగువు తగ్గిన మొండెం పట్టకారుకే లొంగుతుంది. ఇన్ని దారులుండగా "పారేయండి" అనే మాట మొదట ఎలా వస్తుంది?

"ఒక్క స్క్రూకి రెండు పూటలు కూచుంటే మాకేం గిట్టుతుందండీ?" అని మెకానిక్కు అడిగితే, అందులో న్యాయముంది. రెండువేల స్పేరు పార్టుకి నోరెత్తకుండా డబ్బిచ్చి, చేతిపనికి వంద అడిగేసరికి బేరాలాడే ఆసాములు తక్కువా? పనికి విలువ కట్టకపోతే, అతనికి సుత్తే చవక. కాని ఆ మాట ముందు చెప్పాలి, బండి పాడుచేశాక కాదు.

చట్టమైనా పదిహేనేళ్ళు నిండగానే బండికి కర్మకాండ చెయ్యమనలేదు. కండిషన్లో ఉంటే సొంత బండికి ఇంకో ఐదేళ్ళు రిజిస్ట్రేషను పొడిగిస్తుంది. కొల్లేటికోట వైపు చేపలమ్ముకుని బతికే ఇంట్లో మోపెడ్డంటే షోకు కాదు. అది ఒక్కరోజు షెడ్డులో పడుంటే ఆరోజు ఐసు కరుగుతుంది, చేప పాడవుతుంది, ఇంట్లో పొయ్యి సందేహంలో పడుతుంది. అలాటి మనిషితో, గుప్పెట్లో పట్టే స్క్రూకోసం, "కొత్తది తీసుకోండి" అంటే, "అప్పు చెయ్యండి" అన్నట్టే కదా!

ఇంపాక్టు డ్రైవరు ఖరీదు ఒక మాదిరి పట్టుచీరలో నాలుగోవంతు కూడా ఉండదు. ఈసారి తాళంచెవి చేతికిచ్చే ముందు అతని పెట్టెలో అదుందో లేదో అడగండి. జపాన్ బిట్లున్నాయా అనీ అడగండి. "ఆడవాళ్ళకి ఇవన్నీ దేనికండీ?" అంటే జవాబు చెప్పకండి. షెడ్లకి కరువా? బండి నడిపించుకుంటూ పక్క షెడ్డుకి వెళ్ళిపొండి.