పట్టా చేతికొస్తోంది, చెయ్యి తిరగడం లేదు

2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం ప్రాంతంలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. వేయించుకున్నవాళ్లలో చాలామంది ఇంటికి దూరంగా హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. వేయించుకున్నవాళ్లలో కొందరు చనిపోవడంతో గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. టీకాను తప్పుపట్టడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ దాన్ని సిఫారసు చేస్తోంది, ఆ రోజుల్లో జరిగిన మరణాలకు టీకాయే కారణమని దర్యాప్తులో తేలలేదు. లోపమంతా సమ్మతి తీసుకున్న తీరులో ఉంది.

అమ్మానాన్నలను కూర్చోబెట్టి, వాళ్ల మాటలో వివరించి, అడిగినదానికి బదులిచ్చి, ఆలోచించుకోవడానికి సమయమిచ్చి, ఆ తర్వాతే సంతకం అడగడం ఒక పని. నేర్చుకుంటేనే వచ్చే పని. దాన్ని మనవాళ్లకు ఎవరు నేర్పుతున్నారు?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే జావా, పైథాన్ బోర్డుల పక్కనే క్లినికల్ రీసెర్చ్, ఫార్మకోవిజిలెన్స్, క్లినికల్ సాస్, మెడికల్ కోడింగ్, బయోఇన్ఫర్మాటిక్స్ బోర్డులు కనిపిస్తాయి. బీఫార్మసీ, ఫార్మ్‌డీ, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేసి ఏం చెయ్యాలో తోచని పిల్లలు ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో దిగి, నాలుగైదు నెలలు ఈ క్లాసులకు తిరుగుతారు. ఫీజు కట్టేది చాలాసార్లు అప్పుచేసిన తండ్రి. చివర్లో ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం అనుభవం ఎంత అని అడుగుతారు.

ఈ రంగంలో ఉద్యోగాలు లేవనడం సరికాదు. నగర శివార్లలోని జీనోమ్ వ్యాలీలో టీకాలు, మందులు తయారవుతున్నాయి. మందులను మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ నడిపే కాంట్రాక్ట్ సంస్థలు, విదేశీ ఫార్మా కంపెనీల డేటాను విశ్లేషించే కార్యాలయాలు నగరంలో బోలెడు. కోవాగ్జిన్ మూడో దశ ట్రయల్‌లో 25,800 మంది పాల్గొన్నారు. అంతమంది వివరాలను ఒక్కొక్కటిగా రాసి, సరిచూసి, లెక్కకట్టినవాళ్లున్నారు కదా. అలాంటి మనుషుల అవసరం ఉంది. అయితే ఆ పనికి కావలసిన నైపుణ్యం ఒకటి, కోర్సుల్లో అమ్ముతున్న సరుకు మరొకటి. కోర్సుల్లో దొరికేది ఎక్కువగా పదజాలం. ఒకటో దశ, రెండో దశ, డబుల్ బ్లైండ్, ప్లాసిబో అంటూ నిర్వచనాలు బట్టీ పట్టిస్తారు. ఉద్యోగం అడిగేది అలవాట్లను.

ఆస్పత్రిలో ట్రయల్ కోఆర్డినేటర్ రోజువారీ పని ఎలా ఉంటుందో చూస్తే ఇది అర్థమవుతుంది. ఉదయం పది గంటల పది నిమిషాలకు రోగి బీపీ చూశారు. 148/92. దాన్ని అప్పుడే, చూసినవాళ్లే, చెరగని సిరాతో రాయాలి. తర్వాత గుర్తుచేసుకుని రాయకూడదు. చేతిమీదో చిత్తుకాగితం మీదో రాసుకుని సాయంత్రం ఎక్కించకూడదు. పొరపాటున 184 అని పడిందా, వైట్‌నర్ పూయకూడదు, దిద్దకూడదు. పాత అంకె కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టిసంతకం, తేదీ పెట్టాలి, అవసరమైతే కారణం రాయాలి. నెలల తర్వాత రికార్డులు తనిఖీ చేసే మానిటర్ వచ్చి ఆ పేజీ తెరిస్తే ఏం జరిగిందో కాగితమే చెప్పాలి. ట్రయల్‌లో ఉన్న మనిషి ఏ కారణం చేతనైనా ఆస్పత్రిలో చేరినా, చనిపోయినా ఇరవై నాలుగు గంటల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి సమాచారం వెళ్లాలి. రూల్ ఒక వాక్యం. ఆదివారం రాత్రి రోగి కొడుకు ఫోన్ చేస్తే ఎత్తడం, ఏ ఆస్పత్రిలో చేర్చారో కనుక్కోవడం, డిశ్చార్జ్ సమ్మరీ సంపాదించడం అసలు పని. స్లైడ్లు చూసి ఇది రాదు. పది మంది రోగుల వెంట తిరిగితే వస్తుంది.

జన్యువుల, ప్రొటీన్ల డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ సంగతీ అంతే. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కాబట్టి రోగికి దూరమనుకుంటారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జరిగింది తెలిస్తే అలా అనుకోలేరు. కణితిలో ఏ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో చూసి, ఏ కీమోథెరపీ మందు పనిచేస్తుందో ముందే చెప్పగలమని అక్కడి పరిశోధకులు 2006లో నేచర్ మెడిసిన్ పత్రికలో ప్రకటించారు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో పనిచేసే గణాంక నిపుణులు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ ఆ డేటా తీసుకుని లెక్క మళ్లీ చేశారు. కుదరలేదు. తవ్వగా తవ్వగా తేలిందేమిటంటే, జన్యువుల జాబితా ఒక్క వరుస పక్కకు జరిగిపోయింది. పైన శీర్షికల వరుస ఉందా లేదా అన్న దగ్గర జారిన తప్పు అది. దాంతో ఒక జన్యువు పక్కన మరో జన్యువు పేరు పడింది. కొన్నిచోట్ల మందుకు లొంగే కణాలకూ లొంగని కణాలకూ గుర్తులు తారుమారయ్యాయి. వాళ్లిద్దరూ ఇదంతా 2009లో ప్రచురించేనాటికే ఆ లెక్కను నమ్ముకుని డ్యూక్‌లో క్యాన్సర్ రోగులను ట్రయల్స్‌లో చేర్చుకున్నారు. 2010లో ట్రయల్స్ ఆపేశారు, 2011లో నేచర్ మెడిసిన్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. పరిశోధనలో డేటాను మార్చిన సంగతీ 2015లో ప్రభుత్వ విచారణలో బయటపడింది. మోసం మాట అటుంచితే, ఒక వరుస జారడం ఎమ్మెస్సీ విద్యార్థి కూడా పట్టుకోగల తప్పు. చేసిన ప్రతి లెక్కనూ మొదటి నుంచి మళ్లీ చేసి చూసుకునే అలవాటుంటే పట్టుకుంటాడు.

ఇంకా చిన్నది ఒకటి. సెప్ట్2 అనే జన్యువు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్సెల్‌లో కొడితే అది సెప్టెంబరు 2 అనుకుని తేదీగా మార్చేస్తుంది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యుశాస్త్ర వ్యాసాల్లో దాదాపు అయిదోవంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. సాఫ్ట్‌వేర్ మారేలా లేదని 2020 నాటికి జన్యువుల పేర్లే మార్చుకోవలసి వచ్చింది. డేటాను చూపుతో తడమడం నేర్పని కోర్సు ఎన్ని టూల్స్ పేర్లు చెప్పినా అది శిక్షణ అనిపించుకోదు.

విచిత్రమేమిటంటే ఈ రెండు రంగాల్లోనూ చదువుకు కావలసిన సామగ్రి ప్రపంచంలో చాలామట్టుకు ఉచితం. 1971లో ఏడు ప్రొటీన్ నిర్మాణాలతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. 2024లో రసాయనశాస్త్ర నోబెల్ తెచ్చిపెట్టిన ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఊహించిన ప్రొటీన్ నిర్మాణాలు ఇరవై కోట్లకు పైగా అందరికీ అందుబాటులో ఉన్నాయి. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త తెరిచే జన్యుక్రమాల భాండాగారం జెన్‌బ్యాంకే నూజివీడు విద్యార్థికీ తెరుచుకుంటుంది. ఆర్, పైథాన్, బయోకండక్టర్, గెలాక్సీ దేనికీ పైసా కట్టనక్కర్లేదు. రోజలిండ్ అనే వెబ్‌సైట్‌లో డీఎన్‌ఏ అక్షరాలు లెక్కపెట్టే సులువైన లెక్కతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు ఎక్కుతూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చు. యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పాఠాలు ఉచితం. ట్రయల్స్ నడిపే పద్ధతి నేర్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (జీసీపీ) కోర్సు, సర్టిఫికెట్‌తో సహా, గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ ఉచితంగా ఇస్తోంది. చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ రూపొందించిన పరిశోధన పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఉన్నాయి. వినడానికి ఫీజు లేదు, పరీక్ష రాస్తేనే కొద్దిపాటి రుసుము. ట్రయల్ డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ సాస్ నేర్చుకునేవాళ్లు సాధన చెయ్యడానికి 254 మంది అల్జీమర్స్ రోగుల ట్రయల్ డేటాను పేర్లు తొలగించి సీడిస్క్ సంస్థ బహిరంగంగా పెట్టింది. ఇన్ని ఉండగా, వేలకు వేలు పోసి జిరాక్సు నోట్సు కొనుక్కునే పరిస్థితి మన పిల్లలకు ఎందుకొచ్చింది? ఇవి ఉన్నాయని కాలేజీలో చెప్పేవాళ్లు లేకనే.

ఇన్‌స్టిట్యూట్లన్నీ వృథా అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒంటరిగా చదువుకోలేనివాళ్లకు టైంటేబుల్ కావాలి, అడిగితే చెప్పే మాస్టారు కావాలి. పరిశ్రమలో పనిచేసి వచ్చి ఓపిగ్గా నేర్పేవాళ్లు ఆ సందుల్లోనే ఉన్నారు. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు నాలుగు మాటలు గట్టిగా అడగాలి. పాఠం చెప్పేవారు ఎక్కడ, ఎన్నేళ్లు ట్రయల్స్‌లో పనిచేశారు? 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నారా, వాటికి ముందున్న పాత షెడ్యూల్ వై దగ్గరే ఆగిపోయారా? అంతర్జాతీయ జీసీపీ మార్గదర్శకాల మూడో సవరణ 2025 జనవరిలో ఆమోదం పొందింది, అది సిలబస్‌లో ఉందా? పిల్లలు ఏ ఆస్పత్రిలో, ఎన్ని రోజులు ఉంటారు? చివరి ప్రశ్నకు తడుముకుంటే లేచి వచ్చేయడం మేలు.

అసలు బాధ్యత విశ్వవిద్యాలయాలది, ప్రభుత్వ బోధనాస్పత్రులది. 2008లో ఫార్మ్‌డీ కోర్సు ప్రవేశపెట్టినప్పుడే ఆరో ఏడు మొత్తం ఆస్పత్రిలో గడపాలని నియమం పెట్టారు. ఆ ఏడాదిని ఎలా వాడుతున్నారన్నది కాలేజీకో తీరు. మందు వికటించిన కేసులను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, వైద్య కళాశాలల్లో దానికి కేంద్రాలున్నాయి. ఒక్కో ఇంటర్న్ వార్డులో తిరిగి, మందు పడక దద్దుర్లొచ్చిన రోగిని గుర్తించి, ఏ మందు ఏ రోజు మొదలైందో కేస్‌షీట్ చూసి రాసుకుని, ఫారం నింపి పంపితే దానికి మించిన పాఠం ఏ కోచింగ్ సెంటర్‌లోనూ దొరకదు. పీజీ వైద్య విద్యార్థులకు పరిశోధన కోర్సు తప్పనిసరి చేశారు, మంచిదే. ట్రయల్‌లో రోగితో ఎక్కువసేపు గడిపేది కోఆర్డినేటర్. వాళ్లకూ స్టైపెండ్ ఇచ్చి ఏడాదిపాటు ఆస్పత్రిలోనే పని నేర్పే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోని పెద్దాస్పత్రుల్లోనూ ఉండాలి. స్టైపెండ్ లేకపోతే అది మళ్లీ ఉన్నవాళ్ల పిల్లలకే దక్కుతుంది.

అక్కడ నేర్పవలసిన మొదటి పాఠం మాట్లాడటం. ప్లాసిబో అంటే ఏమిటో ఇంగ్లిష్‌లో గడగడా చెప్పగల అమ్మాయిని, ఆదిలాబాద్ నుంచి వచ్చిన రైతుకు చెప్పమంటే తడబడుతుంది. "మీకు అసలు మందు రావచ్చు, మందులేని మాత్ర రావచ్చు, ఏది వచ్చిందో మీకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినా మీ వైద్యం ఆగదు" అని తొణక్కుండా చెప్పడం, చెప్పాక "ఇప్పుడు మీకేం అర్థమైందో నాకు చెప్పండి పెద్దాయనా" అని అడిగి వినడం సాధనతో వస్తుంది. కోయ, గోండి మాట్లాడే పిల్లలు ఈ చదువుల్లోకి వస్తే ఏజెన్సీలో ఈ పని వాళ్లకన్నా బాగా చేసేవాళ్లుండరు.

బయోఇన్ఫర్మాటిక్స్ ప్రాజెక్టులకు సరుకు మన ముంగిట్లోనే ఉంది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా కొన్ని నిమిషాల్లో పోతుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరికి వెంటిలేటర్ పెట్టవలసి వస్తుంది. తరతరాలుగా సమూహం లోపలే పెళ్లిళ్లు జరగడంతో బీసీహెచ్ఈ అనే జన్యువులో ఒక మార్పు వాళ్లలో ఎక్కువమందికి సంక్రమించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియా సమూహాల మీద ప్రచురించిన అధ్యయనం ఈ ఉదాహరణను ఎత్తిచూపి, ఇలాంటి సమూహాలు ఇంకా ఎన్నో ఉన్నాయని చెప్పింది. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా డేటా 2025 జనవరి నుంచి ఫరీదాబాద్‌లోని జాతీయ జీవ డేటా కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుతోంది. అడిగే పద్ధతి ప్రకారం అడగాలి, ఎందుకో రాసి పంపాలి. ఆ దరఖాస్తు రాయడం కూడా చదువులో భాగమే. మన ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో ఎక్కువభాగం మాత్రం పాతవాటికి అట్టలు మార్చి బైండింగ్ చేయించినవే. విశ్వవిద్యాలయాలు ఈ ఒక్క అలవాటు మాన్పించి, పిల్లలు రాసిన ప్రోగ్రాం మరొకరి కంప్యూటర్‌లో నడిచి అదే జవాబిస్తేనే మార్కులు వేస్తామంటే చాలు, సగం దారి నడిచినట్టే.

ఇవన్నీ జరిగేదాకా ఆగనవసరం లేదు. దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలన్నీ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదు కావాలని 2009 నుంచి నియమం. ఆ వెబ్‌సైట్‌ను ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. గుంటూరు, వరంగల్, కర్నూలు, ఏ ఊరి పేరు కొట్టినా అక్కడ ఏ ఆస్పత్రిలో, ఏ జబ్బు మీద ట్రయల్ ఉందో, బాధ్యుడైన డాక్టరు ఎవరో కనిపిస్తుంది. అమీర్‌పేట బస్సెక్కేముందు అందులో ఓ సాయంత్రం గడిపి, దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లి, "సార్, మీ ట్రయల్‌లో కాగితాల పని నేర్చుకుంటాను, కొన్నాళ్లు రానిస్తారా" అని ఆ డాక్టరును అడగవచ్చు. రోగుల గోప్యత కాపాడుతూ అలాంటి పిల్లలకు చోటివ్వడానికి ఎథిక్స్ కమిటీ అనుమతితో ఒక పద్ధతి ఏర్పాటు చేసుకోవడం ఆస్పత్రులకు పెద్ద ఖర్చేమీ కాదు.