గీతలు పడిన సీడీని ముందు రుద్దకండి

మా కోలారు ఇంట్లో అవ్వ పాడిన పెళ్లిపాటలు ఒకే ఒక్క సీడీలో ఉండేవి. మేమంతా కన్నడ మీడియంలో చదివినోళ్లం, చెవితో విన్నదే మా తెలుగు. పాట ఎగిరెగిరి పడుతోందని చిన్నాయన దాన్ని ఒక అంగడిలో ఇచ్చి మిషన్ పాలిష్ పట్టించినాడు. సీడీ అద్దంలా మెరిసింది, పాట మాత్రం రాలేదు.

గీత పడితే పాలిష్ అనేవాళ్లతో మాకు తగువే. మిషన్ గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్కును గీత లోతుదాకా అరగదీస్తుంది. సీడీ మందం 1.2 మి.మీ. పాట ఉండే పొర మెరిసే వైపు కాదు, పేరు రాసే వైపు పల్చటి పూత కింద ఉంటుంది. అక్కడ బాల్‌పెన్నుతో 'అవ్వ పాటలు' అని ఒత్తి రాసింది మేమే! పాలిష్ నీళ్లకు అక్కడే పూత ఇంకా లేచింది. బ్లూ-రే గేమ్ డిస్కుల్లో ఆ పొర మెరిసే వైపు నుంచి 0.1 మి.మీ. లోతులోనే ఉంటుంది, వాటిని అరగదీస్తే చేజేతులా పోగొట్టుకున్నట్టే. పేస్టుతో రుద్దమనే బంధువులకు ఒక దండం.

సీడీని లైటుకు ఎత్తి చూడండి. పేరు వైపు పూతలో వెలుతురు చుక్కలు కనిపిస్తే అంగడికిచ్చే డబ్బు దండగ. ఏదైనా సరే, ముందు రెండు మూడు కంప్యూటర్లలో వేసి వచ్చినంత కాపీ చేయండి. పాలిష్ ఆ తరువాతే. ఎగిరెగిరి పడుతున్నప్పుడే మేము ఆ పని చేసుంటే సగం పాటలైనా దక్కేవి. ఇప్పుడు మిగిలింది అత్త ఫోన్‌లో ఉన్న అరపాట, అదీ మిక్సీ మోత మధ్యలో.