జ్ఞాపకాన్ని తినేసే బ్యాటరీ

అటక మీది టార్చిలైటును కరెంటు పోయిన రాత్రి దించుతాం. వెలగదు. మూత తిప్పితే సెల్స్ ఉబ్బిపోయి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి! ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఇలాంటి జబ్బే 1981లో పుట్టిన ఓ సంగీత వాద్యానికీ ఉంది. దాని పేరు కోర్గ్ పాలీసిక్స్. జపాన్ తయారీ అనలాగ్ సింథసైజర్.

ఇప్పటి కీబోర్డుల్లో చాలావరకు ముందే నింపి పెట్టిన శబ్దాలే పలుకుతాయి. అనలాగ్‌లో అలా కాదు. మీట నొక్కగానే లోపలి సర్క్యూట్లు అప్పటికప్పుడు ధ్వనిని పుట్టిస్తాయి. ఫిల్టరు దాన్ని చెక్కి నునుపు చేస్తుంది. ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది కాబట్టే దీనికి ఆ పేరు. 1983లో యమహా డీఎక్స్7 రాకతో డిజిటల్ మోజు మొదలై ఇలాంటివన్నీ మూలన పడ్డాయి.

మళ్లీ వాటికి మంచిరోజులొచ్చాయి. ముంబయి సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో జపాన్ సింథసైజర్ల మీద రాగాలు వాయించి ఓ రికార్డు తెచ్చారు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలయ్యాక విదేశాల్లోనూ చెవులు రిక్కించి విన్నారు. పాత వాద్యాలను ఇంట్లోనే బాగుచేసుకునే అభిరుచీ అలాగే పెరిగింది.

పాలీసిక్స్‌తో చిక్కల్లా ఒక్కటే. మనం తయారుచేసుకున్న 32 ధ్వనులను అది గుర్తుపెట్టుకుంటుంది. స్విచ్ ఆపినా అవి చెరిగిపోకుండా లోపలి బోర్డు మీద చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీని అతికించారు. ఏళ్లు గడిచేకొద్దీ అది కారుతుంది. ఆ క్షారం బోర్డు మీది సన్నటి రాగి గీతల్ని తినేస్తుంది. జ్ఞాపకాన్ని కాపాడాల్సిన బ్యాటరీయే దానికి చేటు తెస్తుందన్నమాట!

వైద్యం మాత్రం వంటింటి నుంచే మొదలవుతుంది. బ్యాటరీని తీసేసి, మరకపడిన చోట వెనిగర్ అద్దితే క్షారం విరుగుతుంది. తర్వాత శుభ్రంగా కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తెగిన గీతల స్థానంలో సన్నటి తీగలు అతకాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. కొత్త బ్యాటరీని బోర్డుకు దూరంగా తీగలతో కలిపితే మళ్లీ కారినా నష్టం ఉండదు. లిథియం బిళ్ల పెడితే మాత్రం డయోడ్ తప్పనిసరి. అది ఛార్జింగ్‌కు పనికిరాదు మరి. నాబ్‌లు గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

రెండు జాగ్రత్తలు. జపాన్‌లో అమ్మిన యంత్రాలు 100 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే అంతే సంగతులు! స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు. అందుకే పవర్ సప్లై భాగాన్ని తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

ఇక మార్పుల సంగతి. మిడి వచ్చింది 1983లో. పాలీసిక్స్ అంతకు ముందుది కాబట్టి ఆ సౌకర్యం లేదు. విడిగా దొరికే కిట్ బిగిస్తే దాన్ని కంప్యూటరుతో కలపొచ్చు. పాతదాన్ని ముట్టుకోకూడదని కొందరు, వాయించని వాద్యం ఎందుకని మరికొందరు వాదిస్తారు. ఇద్దరికీ నచ్చే దారి ఉంది. పెట్టెకు కొత్త రంధ్రాలు పెట్టొద్దు. తీసిన భాగాల్ని పారేయొద్దు. ఏ తీగ ఎక్కడ కలిపారో కాగితం మీద రాసి లోపలే పెట్టండి. రేపు ఇంకెవరైనా కావాలనుకుంటే మళ్లీ మొదటిలా మార్చుకోగలుగుతారు.

మీ ఇంట్లోనూ పిల్లలు వదిలేసిన కీబోర్డో, తాతగారి ట్రాన్సిస్టరో ఉందా? ముందు అందులోని సెల్స్ తీసేయండి. బాగుచేయించడం తర్వాత చూద్దాం.