న్యాయపీఠమును, ఓటుచీటియు

న్యాయాధిపతులను ప్రజలే యెన్నుకొనుట స్వరాజ్యమునకు పరాకాష్ఠయని తలచువారు మనలో లేకపోలేదు. అట్టివారు కాలిఫోర్నియా రాష్ట్రమున శాంటాక్లారా కౌంటీ సుపీరియరు కోర్టు జడ్జీగా నుండిన ఆరన్ పెర్‌స్కీ యుదంతమును చిత్తగింపవలెను.

2002లో ఆయన జడ్జీ పదవికి పోటీచేసి యోడిపోయెను. 2003లో గవర్నరు గ్రే డేవిస్ ఆయనను అదే కోర్టున నియమించెను. ప్రజలు కాదన్నవానిని గవర్నరు పీఠమెక్కించుట వింతగా దోచును గాని అచ్చటి చట్టమున కది విరుద్ధము గాదు. ఆ రాష్ట్రమున విచారణకోర్టు జడ్జీల పదవీకాలము 6 సంవత్సరములు. గడువు తీరునాటికి ప్రత్యర్థి లేనిచో జడ్జీ పేరు ఓటుచీటి కెక్కనే యెక్కదు, తిరిగి యెన్నికైనట్లే! రేపెవరి యెదుట వాదింపవలెనో వారిపైననే పోటీకి దిగు వకీళ్లెంద ఱుందురు?

2015 జనవరిలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు స్పృహ దప్పిన యువతిపై లైంగిక దౌర్జన్యము జరిపెను. జూరీ 3 నేరములను స్థిరపఱచెను. ప్రాసిక్యూషనువారు 6 సంవత్సరముల శిక్షను కోరగా, పెర్‌స్కీ 2016 జూన్ 2న 6 మాసముల జైలుశిక్షయు ప్రొబేషనును విధించెను. ముద్దాయి 3 మాసములకే విడుదలయ్యెను. తీర్పునకు 5 దినముల పిమ్మట వచ్చిన యెన్నికలో పెర్‌స్కీ పోటీలేకయే నెగ్గెను. దేశమంతయు నట్టుడికిపోవుచుండగా ఆ కౌంటీ ఓటరునకు ఆయనను కాదను వీలే లేకపోయెను.

శిక్ష ప్రొబేషను శాఖవారి సిఫారసు ననుసరించియే యున్నదనియు, జడ్జీయందు దుష్ప్రవర్తన కానరాదనియు విచారణ కమిషను 2016 డిసెంబరులో తేల్చెను. అయినను స్టాన్‌ఫర్డు న్యాయశాస్త్రాచార్యురాలు మిషెల్ డాబర్ నాయకత్వమున సాగిన యుద్యమము ఫలించి, 2018 జూన్ 5న ఓటర్లు ఆయనను పదవినుండి తొలగించిరి. 1932 తరువాత ఆ రాష్ట్రమున జడ్జీ కిట్టి గతి పట్టుట అదియే ప్రథమము.

శిక్ష మిక్కిలి స్వల్పమని చెప్పుటకు మేము జంకము. స్త్రీల యాగ్రహము ధర్మబద్ధమే. శాసనసభ 2016లోనే చట్టమును సవరించి, అట్టి నేరమునకు ప్రొబేషను చెల్లదనుట సముచితమైన చికిత్స. కాని తొలగింపు ఆ యొక్క జడ్జీతో నాగునా? దయ చూపిన పీఠము కదలునని తక్కిన జడ్జీలందఱు నెఱిగిరి. ఆ భయముచే హెచ్చు శిక్షలకు గుఱియగువారు ధనికుల బిడ్డలు గారు, మంచి వకీలును పెట్టుకొనజాలని నిరుపేదలు. బీదల పక్షమున వాదించు ప్రభుత్వ వకీళ్లలో పలువురు తొలగింపును ఎదిరించుటకు కారణ మిదియే.

పట్టించువాడే శిక్షించువాడుగా నున్న కలెక్టరు మేజిస్ట్రేటీని మనవా రేండ్లతరబడి నిరసించిరి. నేడు మన జిల్లా జడ్జీలను రాజ్యాంగము 233వ అధికరణము ననుసరించి గవర్నరు హైకోర్టుతో సంప్రదించి నియమించును. ఈ పద్ధతికి లోపములు లేవనము. కాని కలెక్టరునకు వెఱచు జడ్జీకిని, గుంపునకు వెఱచు జడ్జీకిని ముద్దాయి దృష్టిలో భేద మేమి?

పెర్‌స్కీ స్థానమునకు ఆ యోటుచీటి పైననే యెన్నికైన సిండీ హెండ్రిక్సన్ అంతవఱకు అదే కౌంటీలో ప్రాసిక్యూషను పక్షపు న్యాయవాదిగా నుండిరి.