మోటారు సైకిలు మరమ్మతు: షోరూములోనా, మన యింటనా?



మన సముద్రతీర గ్రామములలో మోటారు సైకిలు నేడు విలాసవస్తువు కాదు, సేద్యపు పనిముట్టు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతములందు ఎరువు మూటయు, నారు కట్టయు, రొయ్యల గుంతలకు మేత సంచియు దానిపైననే పోవుచున్నవి. కావున దానిని గూర్చి ఈ పత్రికలో వ్రాయుట అప్రస్తుతము కాదు.

కొందరు రైతులు చిన్న పనికిని షోరూమునకే పోవుదురు. మైపాడు నుండి నెల్లూరు పోయి వచ్చుటకే 40 కిలోమీటర్లు దాటును. నాట్లు ముమ్మరముగా నున్న దినమున అది ఒక రోజు కూలి. మరికొందరు కొన్న నాటినుండియే షోరూము గడప తొక్కరు. ఈ రెండును నాకు సమ్మతములు కావు. పూర్వము బండి యిరుసునకు కందెన పెట్టుటకు కమ్మరిని పిలిచినవారు కలరా? చక్రమునకు ఇనుప పట్టా వేయించుటకు మాత్రము కొలిమికి పోక తప్పెడిది కాదు.

క్రొత్త బండికి ఉచిత సర్వీసులు ముగియువరకు షోరూమునకే పోవలయును. పుస్తకములో వ్రాసిన దినములలో గాని కిలోమీటర్లలో గాని, ఏది ముందైన దానికి, సర్వీసు చేయింపనిచో వారంటీ హక్కు పోవచ్చును. ఉచితమనగా కూలి మాత్రమే. ఆయిలు ధర మనమే యియ్యవలయును. ఇది తెలియక బిల్లు చూచి కలహించువారు పెక్కురు.

తరువాత మన చేతి పనులు. మన ప్రాంతమున మొదటి శత్రువు ఉప్పుగాలి, రెండవది ఇసుక. రెండును చైనును తినును. కొందరు కాలిన ఇంజను ఆయిలునే చైనునకు పూయుదురు. అందలి మసియు, లోహపు పొడియు, పైన అంటుకొనిన ఇసుకయు గలసి ఆకురాయివలె పండ్లను అరుగదీయును. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరిన పిమ్మట గేరు ఆయిలు పలుచగా పూయుడు. ఇంజను ఆపియే ఈ పని చేయవలయును. తిరుగుచున్న చైనులో గుడ్డ చిక్కినచో వ్రేళ్లు దక్కవు. చైను బిగించునపుడు వెనుక చక్రమునకు రెండు ప్రక్కల గల గుర్తులు సమముగా నుండవలయును. చక్రము వెనుకకు జరిగినపుడు డ్రమ్ము బ్రేకు పట్టు కూడ మారును గనుక దానిని సరిచూడక బండి యెక్కరాదు.

ఇంజను ఆయిలు మార్చుట కష్టము కాదు. కాని మన బండ్లలో గేర్లును క్లచ్చును సాధారణముగా ఆ ఆయిలులోనే తిరుగును. కారు ఆయిలు చవుకగా దొరకెనని పోసినచో క్లచ్చు జారును. డబ్బాపై జాసో ఎం.ఏ. అను గుర్తును చూచి కొనుడు. తీసిన ఆయిలును కాలువలోనో గట్టు మీదనో పారబోయరాదు. ప్రక్కనున్న రొయ్యల గుంత యెవరిదైనను మనవానిదే.

బ్రేకు లైనింగు, చక్రపు బేరింగు, ఇంజను విప్పుట వంటి పనులు తెలిసిన మెకానిక్కునకే విడువుడు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధన వచ్చిన పిదప పెక్కు బండ్లలో కార్బురేటరు పోయి ఇంధన ఇంజెక్షను వచ్చినది. హెచ్చరిక దీపము వెలిగినచో దానిని చదువు యంత్రము లేక సుత్తితోను పానాతోను సాధించునది లేదు.

షోరూమునకు పోయినను కన్ను తెరచియే యుండుడు. ఒక సర్వీసు షెడ్డువారు నాకిచ్చిన బిల్లులో ఆయిలు మార్చినట్లు వ్రాసిరి. అక్కడనే కొలపుల్ల తీసి చూపగా అది తారువలె నుండెను, మాట్లాడక మార్చిరి. పాత భాగములను అడిగి పుచ్చుకొనుడు, బిల్లు దాచుడు. సేవాలోపమునకు 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. బిల్లు లేనివాని మాటకు బలము తక్కువ.

ఇక సంఘమునకొక మనవి. ఒక్కొక్క రైతు పానాల పెట్టె కొననేల? స్ప్రేయరు వలెనే ఒక పూర్తి పెట్టెయు, గాలి కొలిచెడి గేజియు సంఘపు గిడ్డంగిలో నుంచి, సంతకము తీసికొని యియ్యవచ్చును. ఆయిలును టోకుగా తెప్పించి సభ్యులకు అమ్మవచ్చును. వాడిన ఆయిలునకొక పీపా పెట్టి, నిండినప్పుడు లైసెన్సు గల శుద్ధిదారునకు అప్పగింపవచ్చును. వచ్చు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టుడని కార్యవర్గమును కోరుచున్నాను. పెట్టెను పోగొట్టినవాని వాటా నుండి ధర మినహాయించు నిబంధనను మొదటనే వ్రాసికొనుట మేలు.